మే ఎవరికి, జూన్ ఎవరికి

మా చిన్నప్పుడు... జంషెడ్‌పూర్‌లో ఏప్రిల్ ఆఖరుకే పొద్దున్నుంచి వడగాలి కొట్టేది. ఆ రోజు భుయ్యాడీహ్ బస్తీలో మా ఇంటి ముందు కూర్చుని అమ్మా నేనూ బొగ్గుపొడిలో బంకమట్టి కలిపి పొయ్యిలోకి ఉండలు చేస్తున్నాం. ఆ ఎండకి సాయంత్రానికల్లా గట్టిపడిపోయేవి.

అప్పుడొచ్చింది పిన్ని. అమ్మకి సొంత చెల్లెలు, వెనక వీధిలోనే ఉండేది.

"అప్పా! ఈ ఏడు మే మాకిచ్చీసినాడు బావ" అంది, నవ్వుతూ.

అమ్మ చేతిలో ఉండ అలాగే ఉండిపోయింది. "ఏటిచ్చీసినాడు?"

"మే నెల... నిన్న డూటీ మారినప్పుడు ఈయన అడిగినాడట. సరేనన్నాడట. నీకు సెప్పనేదా?"

అమ్మ ఉండ కింద పెట్టి, ఇంకో పిడికెడు తీసుకుంది.

చదివేవాళ్ళకి సంగతి చెప్పాలి. మా నాన్నా, పిన్ని భర్త అంటే మా బాబాయీ, కార్ఖానాలో ఒకే కిరేను మీద పనిచేసేవారు. ఒకరు దిగితే రెండోవారు ఎక్కాలి. ఒకరు సెలవు పెడితే రెండోవారు ఆ పని కూడా చెయ్యాలి. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికేది కాదు. అందుకని అమ్మ పుట్టిల్లు, సముద్రం ఒడ్డునున్న బారువకి ఒక ఏడు మేలో మేమూ జూన్‌లో వాళ్ళూ, మరుసటి ఏడు మేలో వాళ్ళూ జూన్‌లో మేమూ వెళ్ళేవాళ్ళం.

మేలో సముద్రం మనిషి మాట వినేది. మోకాళ్ళ లోతున నిలబడి పిల్లలు పొద్దంతా ఆడినా భయం లేదు. జూన్‌లో మృగశిర కార్తె వచ్చిందంటే గాలి తిరిగేది. అలలు ఇంటెత్తున లేచి ఒడ్డును కోసేవి. అంతకు రెండేళ్ళ ముందు జూన్‌లో పిన్ని కొడుకు బాబ్జీని కెరటం లాగేసింది. వల లాగుతున్న మనిషొకడు జుట్టు పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. అప్పట్నుంచి పిన్ని జూన్ పేరెత్తితే ఒప్పుకునేది కాదు.

కానీ ఆ ఏడు మే మా వంతు.

నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

"నాకొక మాట సెప్పకుండా ఎలాగిచ్చీసినావు?"

"కిరేను నిచ్చెన కాడ అడిగినాడు. ఆడు ఎక్కతన్నాడు, నాను దిగతన్నాను. పిల్లోడి సంగతి ఎత్తినాడు. కాదనీమంటావేటి?"

"మరి మన పిల్లలు సేపలేటి, జూన్‌లో ఈదడానికి?"

నాన్న తల వంచుకుని తిన్నాడు. మజ్జిగ అడగలేదు.

ఆ తర్వాత ఇల్లంతా బిగుసుకుపోయింది... బాబ్జీ దగ్గరకి ఆటకి నా తమ్ముడు వెళ్ళబోతే అమ్మ వెనక్కి పిలిచేది. కుళాయి దగ్గర అక్కచెల్లెళ్ళు బిందెలు పెట్టి చెరో పక్కకీ చూసేవారు. ఒకరోజు నీళ్ళకి వరస ఎవరిదన్న మాట వచ్చి, మే వంతు దాకా పోయింది. పిన్ని ఊరుకోలేదు.

"నీ పిల్లల్ని కెరటం లాగనేదు కదా, నీకేటి తెలుత్తాది!"

కుళాయి దగ్గర అందరూ తిరిగి చూశారు. అమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఇక పిన్ని వాళ్ళింటికి వెళ్ళడం ఉండదేమోనని నాకు భయం వేసింది.

ఆదివారం కిరేను మరమ్మతుకి ఆగి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. బాబాయి వచ్చాడు. వెనకే పిన్ని. ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఒదినా, మే మీరే ఎల్లండి. మేం ఈ ఏడు మానేత్తాం" అన్నాడు బాబాయి.

పిన్ని నేల చూసింది. అమ్మ ఆమెనే చూసింది.

"ఒలే, మన పెళ్ళిల్లయ్యాక ఒక్కసారైనా ఇద్దరం కలిసి ఆ ఊరెల్లినామా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

అమ్మ మగవాళ్ళ వైపు తిరిగింది. "కిరేను మీ ఇద్దరికీ గానీ, మాకేటి? మేలో మేమిద్దరమే ఎల్తాం."

అప్పటిదాకా మా వీధిలో ఏ ఆడమనిషీ మగతోడు లేకుండా పిల్లల్నేసుకుని ఆంధ్రా వెళ్ళింది లేదు.

"ఖరగ్‌పూర్‌లో బండి మారాల" అన్నాడు నాన్న. "ఆ జనంలో సామాన్లు ఎవులు సూత్తారు? పిల్లోడు సెయ్యి వదిలీసినాడనుకో?"

"సముద్రంలో వదిలిత్తేనే దొరికినాడు. టేసన్లో దొరకడేటి?" అంది అమ్మ.

పిన్నికి ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. గుమ్మం దాటి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. "అప్ప ఎల్తే నానెల్తాను" అంది.

"నీకేటైనా పిచ్చా?" అన్నాడు బాబాయి.

"మీరు మీరు నెలలిచ్చీసుకున్నప్పుడు మమ్మల్నడిగినారా?" అంది పిన్ని.

బాబాయి నాన్న వైపు చూశాడు. నాన్న లేచి అటక మీద నుంచి పరుపు చుట్టే గుడ్డా తాడూ దింపాడు. దుమ్ము దులిపాడు. సరే అని మాత్రం అనలేదు. ఆ సాయంత్రం నుంచి రోజూ పిల్లలందర్నీ వాకిట్లో నిలబెట్టి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేయి ఎలా పట్టుకోవాలో చూపించేవాడు. వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోవాలి. బాబ్జీ నా వంతు. వాడు "దర్ద్ హోతా హై" అని గోలపెడితే, "నొప్పెడితే సరిగా పట్టుకున్నట్టే" అనేవాడు నాన్న.

అమ్మకి భయం లేదని అనుకోను. ప్రయాణం ముందు రోజు ఆమె అన్నం కలిపి అలాగే వదిలేసింది.

ఇప్పుడు మా పిల్లలు ఫోనులో ఎండా గాలీ చూసుకుని, గది దొరికిన తేదీకి సముద్రానికి వెళ్ళివస్తున్నారు. నెల కోసం పోట్లాడేవాళ్ళు లేరు... ఏడాదంతా ఆ నెల కోసం ఎదురుచూసేవాళ్ళూ లేరు. మీ ఇళ్ళలో వేసవి ప్రయాణం ఏ నెలలో అన్నది ఎవరు తేల్చేవారో రాయండి, చదువుతాను.

ఆ ఏడు మే నెల రెండో ఆదివారం పొద్దున్న టాటానగర్‌లో అమ్మా, పిన్నీ, ఐదుగురు పిల్లలమూ బండెక్కాం. నాన్న డ్యూటీలో ఉన్నాడు, రాలేదు. బాబాయి బండి కదిలేదాకా ఉండి, కిరేను మీంచి నాన్నని దింపి తనెక్కడానికి వెళ్ళాడు.