అగరొత్తి మీదికి నెట్టిన మంట

ఒక మాటను గొంతులో పెట్టుకుని నలభై ఏళ్లకు పైగా బతికాను. అన్నం దిగింది, నీళ్లు దిగాయి. ఆ మాట మాత్రం లోపలికీ దిగలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే వాళ్లు నా మొహంలోకి చూస్తారు, నేను మాట మార్చేస్తాను. ఈ విద్యలో నాకు మంచి అనుభవం ఉంది.

నేను ఇంజనీరును. సైక్లోస్టైల్ యంత్రాలతో మొదలుపెట్టి, డెబ్బైల చివరికి ఫోటోకాపీ యంత్రాలు తయారు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. విజయవాడలో అప్పటికి అవి కొత్త. తమ పొలం కాగితం అచ్చంగా ఇంకో కాగితం మీద కనబడితే రైతులు వెనక్కి తిప్పి మరీ చూసుకునేవారు. మా చిక్కల్లా వానాకాలంతోనే. కృష్ణ ఒడ్డున ముసురు పట్టిందంటే కాగితం అప్పడంలా మెత్తబడుతుంది. చెమ్మ కాగితానికి నల్లపొడి సరిగా అంటుకోదు. అక్షరాలు వెలిసిపోయి వచ్చేవి.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. కాగితాలు పెట్టే అర కింద చిన్న హీటరు అమర్చాను. కాగితం వెచ్చగా, పొడిగా ఉండేది. నకళ్లు నల్లగా, నిండుగా వచ్చేవి. ఆలోచన పూర్తిగా నాది. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు, మంచిలోనూ చెడులోనూ.

పరీక్షించేటప్పుడు ఒకసారి ఆ అర అడుగుచెక్క కమిలి గోధుమరంగుకు తిరిగింది. వేడి మితిమీరితే కరెంటు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలని అప్పుడే తెలిసింది. మరిచిపోయానని చెప్పుకోవచ్చు, చాలాకాలం అలాగే చెప్పుకున్నాను కూడా. నిజానికి వాయిదా వేశాను. వానలు రాకముందే యంత్రాలు దుకాణాలకు చేరాలని కంపెనీ తొందర, నా పేరు చేరాలని నా తొందర.

గవర్నరుపేటలో రంగారావు గారి దుకాణంలో ఒక యంత్రం పెట్టాం. దాన్ని నడిపే ఆవిడ పేరు కరుణమ్మ. పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చేది. చెల్లెల్ని నర్సు చదువు చదివిస్తోంది. ఆ ఇంటికి ఆ జీతమే ఆధారం. రంగారావు గారి దుకాణంలో ఒక ఆచారం ఉంది. పొద్దున ఎవరు తలుపు తీస్తే వాళ్లే యంత్రం ముందు అగరొత్తి వెలిగించి, అరటిపండుకు గుచ్చాలి. తలుపు తీసేది కరుణమ్మే. ఆవిడ క్రైస్తవురాలు. యంత్రానికి ధూపం వెయ్యడం వాళ్ల సంఘంలో తెలిస్తే ఊరుకోరు. వెయ్యకపోతే ఇక్కడ ఊరుకోరు. అందుకని వెలిగించేది, ఎక్కడా చెప్పేది కాదు. ఒకసారి నేను చూస్తే నవ్వి, మా వాళ్లకు చెప్పకండి సార్ అంది. చెప్పనన్నాను.

ముసురు పట్టిన ఒక పొద్దున యంత్రం అంటుకుంది. కబురు రాగానే వెళ్లాను. అప్పటికి మంట ఆర్పేశారు. అద్దం మీదున్న ఎవరో రైతు దస్తావేజును లాగబోయి కరుణమ్మ కుడిచెయ్యి కాల్చుకుంది. కాగితం మాత్రం దక్కింది.

వెనక రేకు విప్పి చూశాను. హీటరు తీగ మాడిపోయి ఉంది. అడుగుచెక్క మధ్యలో బొగ్గైంది. మంట పుట్టింది అక్కడే. సందేహం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రేకు మళ్లీ బిగించాను. ఎందుకు బిగించాను? చేతులు వాటంతటవే చేశాయని అనుకుందామంటే, మరలు తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నేను ఆలోచిస్తూనే ఉన్నాను. నా హీటరు వల్లే అంటే ఊళ్లో ఉన్న యంత్రాలన్నీ వెనక్కి తేవాలి. కంపెనీలో నా స్థానం ఏమవుతుంది? ముందుకు వచ్చేసరికి అరటిపండుకు గుచ్చిన పుల్ల కనిపించింది.

"ఏమైందండీ ఇంజనీరు గారూ?" అన్నారు రంగారావు గారు.

"అగరొత్తి వల్లేనండీ," అన్నాను.

కరుణమ్మ తడిగుడ్డ చుట్టిన చేత్తో నిలబడి ఉంది.

"అది అప్పటికే ఆరిపోయింది సార్. మంట వెనకాల నుంచొచ్చింది. మీరు విప్పి చూశారు గదండీ."

"చూశానమ్మా."

"అయితే నేను తగలబెట్టాననా తమరనేది?"

"నువ్వని కాదు. అగరొత్తి అంటున్నా."

"ముట్టించింది నేనే గదండీ," అంది.

అగరొత్తి వేరు, ఆవిడ వేరు అని నా అంతరాత్మకు నేను చెప్పిన వాదన అది. అంతకన్నా చవకబారు వాదన నేను మళ్లీ వినలేదు. ఆ రోజే ఆవిడను పనిలోంచి తీసేశారు. ఆవిడ వెలిగించిన అగరొత్తి వల్లే నిప్పంటుకుందని ఊరంతా పాకింది కాబట్టి పామర్రులో సంఘానికీ తెలిసింది. ఆదివారం పాటలు పాడేవాళ్లలో ఆవిడ నిలబడే చోటు పోయిందని ఆ తర్వాత విన్నాను. చెప్పనని మాటిచ్చినవాణ్ని నేనే. చెల్లెలి చదువు మధ్యలోనే ఆగిపోయింది.

నేనేం చేశాను? వారం తిరక్కుండా వేడి మితిమీరితే ఆగిపోయే ఏర్పాటు తయారు చేసి, ప్రతి యంత్రానికీ బిగించాను. కారణం ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని, అయినా ఎవరికీ అనుమానం రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడంటారే, ఇక్కడ కాలిన చెయ్యి ఆవిడది, ఆకులు పట్టుకున్నది నేను. దానికే నాకు పేరొచ్చింది. సన్మానం చేశారు, శాలువా కప్పారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, మన వానాకాలమే నేర్పిందని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కనిపెట్టినవన్నీ ఆ పేరు మీద నిలబడ్డవే.

కొన్నేళ్లకు పనిమీద పామర్రు వెళ్లినప్పుడు సంతలో కూరగాయల ముందు కూర్చుని కనిపించింది. గుర్తుపట్టింది. బాగున్నారా సార్ అని అడిగి, కుడిచేతిని పైటచెంగు కిందికి లాక్కుంది. సిగ్గుపడాల్సింది ఎవరు? ఆ క్షణంలో చెప్పగలిగేవాణ్ని. చుట్టూ జనం ఉన్నారు, ఆవిడను ఇంకా నిందిస్తున్న జనమే, వాళ్ల ముందే చెప్పవలసిన మాట. నేను బెండకాయలు కొనుక్కుని బస్సెక్కాను.

ఆవిడ ఇప్పుడు ఉందో లేదో తెలియదు. వెతకడానికి భయం. దొరక్కపోతే అని కాదు, దొరికితే అని. మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ చెయ్యి మీది కాదు, క్షమించడం మీవల్ల అయ్యే పనీ కాదు. సంతలో పలకలేని మాట కనీసం కాగితం మీదైనా పలకాలని రాస్తున్నాను.

కరుణమ్మా, నువ్వు వెలిగించింది ఆరిపోయింది. అంటుకున్నది నాది. రేకు విప్పినప్పుడే నాకు తెలుసు.