పత్తి కుక్కిన వీడియో గేమ్

మొన్న బెంగళూరు నుంచి ఒకాయన ఆదోనిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాతకాలపు వీడియో గేమ్ యంత్రాలను కొని, బాగుచేసి, మళ్ళీ ఆడించడం ఆయనకు సరదా అట. మా అటక మీద అలాంటి యంత్రం బోర్డు ఒకటి ఉందని ఎవరో చెప్పారట. పాత్రల కొట్టువాడి కొడుకుని కదా, వచ్చినవాడి చెప్పులు చూసి ఎంత చెప్పాలో లెక్కగట్టడం నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అలవాటు. ఖరీదైన చెప్పులే. ‘ఇది మామూలు బోర్డు కాదు సార్, జాతర చూసిన బోర్డు’ అని గొంతు సవరించుకున్నాను. ఆయన వినడం లేదు. భూతద్దం కింద బోర్డు పెట్టుకొని, సన్నటి పట్టకారుతో ఒక చిప్పు కాళ్ళ సందులోంచి తెల్లటి పోగొకటి లాగి, వెలుతురుకు పట్టి, “ఏంటి సార్ ఇది?” అని అడిగాడు. నా బేరం నోట్లోనే ఆగిపోయింది. అది పత్తి. మా మామ పత్తి.

ఎనభైల నడిమి మాట. మా మేనమామకు ఆదోనిలో పత్తి మండీ ఉండేది. ఆయన కొడుకు, అంటే మా బావ, ఆ మండీలో కూర్చోలేక అల్లాడిపోయేవాడు. దూది ఎగిరితే తుమ్ములు, బేరం మొదలైతే నిద్ర. బెంగళూరులో మూతపడిన ఆటల దుకాణమొకటి సామాను అమ్ముతోందని ఎక్కడో విని, చెడిపోయిన వీడియో గేమ్ యంత్రం కొంటానన్నాడు. బాగుచేయించుకొని, డబ్బులకు ఆడిస్తూ జాతరలు తిరుగుతాడట. బేరానికి నన్ను వెంటబెట్టుకు పోయాడు. నేను పొద్దున మొదలుపెట్టి అన్నం వేళ దాకా నసపెట్టి, కొసరుగా ఒక స్టూలు కూడా రాబట్టాను. ఆ స్టూలు కుంటుతుందేమోనని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాను. యంత్రం ఎంతమేరకు చెడిపోయిందో మాత్రం అడగలేదు.

ఇంటి ముందు దింపగానే మామ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. “ఏందప్పా ఇది, బీరువాకు టీవీ పుట్టినట్టుండాదే!” అన్నాడు. తరువాత కొడుకు వైపు తిరిగి, అందరి ముందూ తేల్చేశాడు: “ఎమ్మిగనూరు జాతరలో ఇది ఆడితే నీ దావ నీది. ఆడకపోతే నోరు మూసుకోని మండీకొచ్చి కూసో.” బావ తలూపాడు. ఆ రోజు నుంచి వాడికి పత్తిబేళ్ళ కింద నలిగిపోతున్నట్టు కలలు.

మా బజారులో రేడియో భాయ్ ఉండేవాడు. లోకంలో తాను విప్పలేని డబ్బా లేదని ఆయన నమ్మకం; ఆ నమ్మకాన్ని ఊరికి రోజూ గుర్తుచేస్తుండేవాడు. యంత్రం వెనుక తలుపు తీసి, నల్ల జెర్రుల్లా బారులు తీరిన చిప్పులను చూసి, ఆయన కూడా స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “రేడియోకు గొంతే, టీవీకి కన్నే. దీనికి బుర్ర గూడా ఉండాదప్పా,” అన్నాడు. “బుర్రకు రిపేరు యట్లా చేస్తావు భాయ్?” అని బావ దిగులుపడితే, “ఏం, మీ నాయన నీకు చేస్తలేడా?” అని నవ్వాడు. బోర్డు అంచున బంగారుపూత పళ్ళున్నాయి. బంగారమనగానే నేను తూకం అడిగాను. భాయ్ నన్ను దూరం జరగమని, బడిపిల్లలు వాడే రబ్బరుతో ఆ పళ్ళు తళతళలాడేదాకా తుడిచాడు. కరెంటు ఇచ్చి, జ్వరం చూసినట్టు ఒక్కో చిప్పు మీదా వేలి వెనుకభాగం ఆనించేవాడు. ఎక్కువ కాలిందే రోగిష్టిది అని ఆయన సిద్ధాంతం. మంచి చిప్పులను కూడా కొన్నిటిని ఆ సిద్ధాంతంతోనే పీకాడు. సీసం కరిగే వాసన, ఆయన తిట్లు, మా ప్రశ్నలు. అలా కొంతకాలం గడిచాక, ఒక సాయంత్రం తెర మీద, ఆటలో మనం నడిపే తెల్లటి ఓడ కదిలింది. భాయ్ లోపల చిప్పులను చల్లబరిచే చిన్న ఫ్యానుకు నూనె చుక్క వేసి, తనకు తానే శభాష్ చెప్పుకున్నాడు.

జాతరకు బయలుదేరే రోజు మామ ఎవరూ పిలవకుండానే వచ్చాడు. “ఆ రోడ్డు యట్లుందో తెల్దా? లోపల గాజు సామాను గదా,” అంటూ మండీ నుంచి మేలైన దూది తెప్పించి, వెనుక తలుపు తీసి స్వయంగా కుక్కాడు. మా ఊళ్ళో పెళ్ళికి పంపే గాజుల నుంచి మందుసీసాల దాకా అన్నీ దూదిలోనే ప్రయాణం చేస్తాయి. మాకెవరికీ వింతగా తోచలేదు. పైగా మామ ఆ యంత్రాన్ని తాకడం అదే మొదటిసారి. బావ కళ్ళు తుడుచుకున్నాడు. తుమ్ము కూడా వచ్చిందనుకోండి.

భాయ్‌ని కూడా వెంటబెట్టుకొని ఎమ్మిగనూరులో దిగాక, కనిపించిన దూదంతా తీసి, మధ్యాహ్నానికి డేరాలో ఆట మొదలుపెట్టాం. జనం విరగబడ్డారు. కాసేపే. ఓడ ముక్కలై, తెర నిండా ఏవో అక్షరాలు పాకాయి. తెలుగు కాదు, కన్నడ కాదు, ఉర్దూ అంతకన్నా కాదు. “డబ్బా పాయె!” అని ఎవరో అరిచారు. సరిగ్గా అప్పుడే మామ డేరాలోకి వచ్చాడు. బావ ముఖం తెరకన్నా అధ్వాన్నంగా ఉంది. భాయ్ ముందు జనరేటరును తిట్టాడు, తరువాత దిష్టి అన్నాడు, ఆ తరువాత చిప్పుల మీద వేలు పెట్టి “యా అల్లా!” అని వెనక్కు లాక్కున్నాడు. ఒకటి కాదు, అన్నీ కాలుతున్నాయి. బోర్డు వెనక్కు చెయ్యి దూర్చి, ఫ్యాను రెక్కల్లోంచి పిడికెడు దూది లాగాడు.

బావ దాన్ని చటుక్కున జేబులో కుక్కుకున్నాడు. “ఏం లేదు నాయనా, దుమ్ము.”

“ఇట్ల తే,” అన్నాడు మామ. మండీలో నాణ్యం చూసినట్టు రెండు బొటనవేళ్ళ మధ్య పోగు లాగి చూశాడు. “నా పత్తి నాకు తెల్దా? నేను కుక్కిందే.” భుజం మీది తువ్వాలు తీసి, బోర్డు చల్లారేదాకా విసిరాడు. భాయ్ స్విచ్చి వేశాడు. ఓడ తిరిగొచ్చింది. జనం ఈలలు వేశారు.

“నువ్వు మండీకి రావద్దులేరా,” అన్నాడు మామ. “పత్తికీ నీకూ యాడా పొసగదు.” తరువాత నా వైపు తిరిగి, “ఆ కొసరు స్టూలు ఇట్ల జరుపప్పా,” అని కూర్చుని, పిడి పట్టుకున్నాడు. ఆయన ఓడ కన్ను మూసి తెరిచేలోగా పేలిపోయింది. “మళ్ళా ఎయ్యి,” అన్నాడు.

ఇప్పుడు మామ లేడు, భాయ్ లేడు. బావ ఆ యంత్రంతో చాలా జాతరలు తిరిగి, అది పూర్తిగా మూలపడ్డాక బోర్డును మా అటక మీద పడేసి, టీవీల కొట్టు పెట్టుకున్నాడు. వచ్చినాయన చెప్పిన ధరకే బోర్డు ఇచ్చేశాను. పోగు మాత్రం ఇవ్వనన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కాలం దగ్గర నా బేరం ఎప్పుడూ సాగలేదు, సామానంతా అదే పట్టుకుపోయింది. కొసరుగా ఈ పోగొక్కటి నాకు వదిలింది.