ఆజ్ఞ చివర ఒక దీర్ఘం

మీ ఇంట్లో పనిచేసే మనిషి మీతో ఎన్నడైనా ‘చేయను’ అనగలడా? అనలేడంటే, అతడు చేస్తున్న పనిని కర్తవ్యమని ఎట్లా అంటున్నారు?

ఈ ప్రశ్న వేసి కాలేజీ చర్చల్లో నేను పలుమార్లు చప్పట్లు కొట్టించుకున్నాను. సమాధానం మాత్రం రెండో ప్రపంచయుద్ధ కాలపు ఒక వేసవిలో, ఆళ్లగడ్డలో మా పెదనాయన కొట్టం ముందర దొరికింది.

ఆ సెలవుల్లో నేనొక నాటకం రాశాను. అందులోని రాజ్యం లోకంలో ఎక్కడా లేనిది. అక్కడ ఏటా చీటీలు తీస్తారు. రాజు ఎవరో, చాకలి ఎవరో చీటీయే తేలుస్తుంది. నాటకానికి కట్టుబడి వేషాలు కూడా చీటీలతోనే పంచాను. రాజు చీటీ పెదనాయన ఇంటి జీతగాడికి వచ్చింది. ఏడాది పొడుగునా ఎద్దులనూ బండినీ చూసుకునే మనిషి. ద్వారపాలకుడి చీటీ పెదనాయనకే వచ్చింది.

“వానికి గొంతుండాది, నాకు మీసాలుండాయి. సరేలే,” అని పెదనాయన నవ్వాడు.

నంద్యాలలో ఆడమని పిలుపు రాగానే ఆ నవ్వు పోయింది.

“వాకిట్లో ఆట అయితే ఆట. నంద్యాలలో నలుగురి ముందర నా జీతగాడు గద్దె ఎక్కేదేందప్పా?”

నేను వాదించాను. “నీ కాలేజీ మాటలు కాలేజీలోనే చెప్పుకో,” అన్నాడు. రెండు నెలలుగా మడక దున్నుతూ పద్యాలు వల్లించిన జీతగాడు పోయి ఎద్దులకు మేత వేశాడు.

వాకిట్లో ఆటకు సాధన మాత్రం ఆగలేదు. కిరసనాయిలు దొరకని రోజులు గనుక పగటిపూటే చేసేవాళ్లం. ముఖానికి అర్దళం రంగు పూసుకున్నాక, కడుక్కునేదాకా ఎవరినైనా వేషంతోనే పిలవాలి. ఆ నియమం మాకు నేర్పినవాడు పెదనాయనే. చివరి సాధనలో అది తప్పినవాడూ ఆయనే. ఎద్దులు అరవగానే అలవాటుగా కేక వేశాడు:

“ఒరేయ్, ఎద్దులు అరుస్తాండాయి. పోయి నీళ్లు పెట్టు!”

గద్దెగా వేసిన జొన్నల మూటల మీంచి రాజు కాళ్లు వాటంతటవే నేలకు దిగాయి. చేతులు కట్టుకోబోయి ఆగాయి. అతడు అట్టకిరీటం సర్దుకున్నాడు.

“ద్వారపాలకా! ఎద్దులు మా ప్రజలు. వారి దప్పిక తీర్చుట మా ధర్మము. మేమే పోయి వచ్చెదము. నీవు వాకిలి కాచుకొని యుండుము.”

ఇందులో ఒక్క మాటా నేను రాసింది కాదు. అతడు కిరీటంతోనే బావికి పోయి, నీళ్లు చేది, రెండు ఎద్దులూ తృప్తిగా తాగేదాకా నిలబడి, తిరిగి వచ్చాడు. రోజూ చేసే పనే. ఆ రోజు దాన్ని తానుగా ఎంచుకుని చేశాడు.

వాకిట్లో వెదురు బల్లెంతో పెదనాయన నిలుచున్నాడు. ఆయన రాజు ముఖం మీది అర్దళం రంగును చూశాడు. తరువాత బల్లెం నిటారుగా నిలిపి గొంతెత్తాడు:

“మహారాజులవారు వేంచేస్తున్నారు!”

సాధన చూడవచ్చినవాళ్ల ఈలలతో వాకిలంతా మోగిపోయింది.

రంగులు కడుక్కున్నాక పెదనాయన కొట్టం దగ్గరికి నడిచాడు. “నంద్యాలకు పోతావా?”

జీతగాడు ఉలిక్కిపడ్డాడు. పో, రా, తే, పెట్టు: ఆ ఇంట్లో అతడు విన్నవి ఇవే. ‘పోతావా’లో లాగా చివర అడిగే దీర్ఘమున్న మాట అతడి కోసం ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు, ఆ ఉదయమే అతణ్ణి ‘చెంబు తే’ అన్నాను.

“పోతానయ్యా. మరి బండి తోలేదెవురు?”

“నేను తోల్తాలే. నీ గొంతులో దుమ్ము పడకుండా చూసుకో, రాజా!”

నంద్యాలలో అతడు గద్దె ఎక్కిన నాడు మోగిన చప్పట్ల ముందు నా చర్చల చప్పట్లు ఏపాటివి! అందరికంటే గట్టిగా కొట్టినవాడు బల్లెం చంకన పెట్టుకున్న ద్వారపాలకుడే.

కాబట్టి మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ రోజు మీ ఇంట్లో ఒక్క ఆజ్ఞ చివర దీర్ఘం పెట్టండి. ‘చెయ్’ అనేచోట ‘చేస్తావా’ అనండి. అడిగి ఊరుకోకండి, జవాబు వచ్చేదాకా నిలబడండి. ‘చేయను’ అని వస్తే, దాన్నీ వినండి.