కాంక్రీటు కింది చాంబరు

ఆమె మా కంపెనీలో చేరేనాటికి నేను ఫ్యాక్టరీల డ్రైనేజీ లైన్లు తనిఖీ చేయబట్టి పదేళ్లు దాటింది. జడ్చర్ల ఫ్యాక్టరీలైనా, మిర్యాలగూడ రైసు మిల్లులైనా నా వెంట ఉండేవి గడ్డపార, టార్చి, పొడుగాటి వెదురు బద్ద, నా ముక్కు. లైను మధ్య చాంబరు గుంత మూత ఎత్తి, వంగి వాసన పీలిస్తే లైను ఎక్కడ జామ్ అయిందో చాలాసార్లు చెప్పగలిగేవాణ్ని. "ఈయన ముక్కు మిషన్ లెక్క," అని మా ఓనరు కొత్తవాళ్లకు చూపించేవాడు. ఆ మాట వినడానికే ఇంకో నాలుగు మూతలు ఎత్తేవాణ్ని.

ఆమెది ఆలేరు దగ్గర మగ్గం నేసే ఇల్లు. డిప్లొమా చదివింది. ఆమెతో పాటే పైపులోకి పంపే కెమెరా వచ్చింది. చిన్న చక్రాలు, వెనక కేబుల్, బయట స్క్రీను. నెల తిరక్కుండానే ఓనరు నోట నా ముక్కు మాట పోయి, "మా మేడం స్క్రీన్ల చూపెడ్తది" అన్న మాట వచ్చింది. ఇన్నేళ్లూ నాకు గేటు బయటే చాయ్ ఇచ్చిన మేనేజర్లు ఆమెను ఏసీ గదిలో కూర్చోబెట్టారు. నాకు కడుపు మండేది. "అన్నా, తిన్నవా?" అని ఆమె అడిగినా అది జాలిలాగే తోచేది.

"నీ కోపం గా పిల్ల మీద కాదు, గా డబ్బ మీద," అంది మా ఆవిడ. తప్పు. రెండింటి మీదా ఉండేది.

తిరుమలగిరి దిక్కున ఒక రైసు మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్లు బయటికి పోక వెనక్కి తన్నుతున్నాయని మమ్మల్ని పిలిచారు. కెమెరా నాలుగడుగులు పోయి బురదలో ఆగిపోయింది.

"అన్నా, నువ్వు ఇంతకుముందు గీడికి వచ్చినవంట గదా. గీ రెండు మూతల నడుమ ఇంకో చాంబరు ఏమన్న ఉండెనా?" అని అడిగింది.

ఉంది. లారీల కోసం ఆవరణంతా కాంక్రీటు పోయకముందు దాని మూత ఎత్తింది నేనే. లైను అక్కడ పక్కకు తిరిగి లారీలు తూచే వేబ్రిడ్జి గోడ వెంట పోతుంది.

"నాకేం ఎరుక? నీ స్క్రీన్‌నే అడుగు," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. లైను నేరుగానే పోయి ఉంటుందనుకొని నడిమధ్య గుర్తు పెట్టింది. కూలీలు పొద్దంతా ఎండలో పగలగొడితే కింద ఎర్రమట్టి తప్ప పైపే లేదు. "మా జాగంత ఖరాబ్ జేసిన్రు మేడం. గీ కెమెరా ఎందుకు మరి?" అని మేనేజరు అందరి ముందూ అన్నాడు. నీడన నిలబడి విన్న నాకు దాహం తీరినట్టయింది.

కూలీలలో ఒక అవ్వ బొబ్బలెక్కిన అరచేతుల మీద నీళ్లు పోసుకుంటూ, "రేపు యాడ తవ్వాలె సారూ?" అని నన్నే అడిగింది. నేను టార్చి సంచిలో వేసుకొని ఇంటికి వెళ్లాను. అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి వేబ్రిడ్జి గోడ పక్కన సుద్దతో గుర్తు పెట్టి తవ్వించాను. ఆమె వచ్చేసరికి మూత దొరికింది. గడ్డపారతో ఎత్తి, అలవాటుగా వంగాను. కుళ్లు వాసన ఒక్కసారి గుప్పుమని, వెంటనే మాయమైంది. గ్యాస్ పోయిందనుకొని ఇంకా వంగబోతుంటే ఆమె వెనక నుంచి నా అంగీ పట్టి గుంజింది. ఆమె తాడుకు కట్టి దింపిన గ్యాస్ మీటరు ఆగకుండా మోగుతోంది.

"గ్యాస్ ఎక్కువైతే ముక్కు పనిజెయ్యదన్నా. వాసన ఆగితెనే భయపడాలె," అంది.

నేను గోడ దాకా వెనక్కి జరిగాను. మీటరు చప్పుడు ఆగేదాకా ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత మిషనుతో పైనుంచే నీళ్లు కొట్టించి బురద తీయించాం. సాయంత్రానికి లైను పారింది.

కేబుల్ తుడుస్తూ, "నిన్ననే ఎరుకనా?" అని అడిగింది.

"ఎరుకే."

కేబుల్ చుట్ట చుట్టి, "గా అవ్వ చేతులు సూసినవా?" అంది. తన గురించి ఒక్క మాట అనలేదు. ఓనరుకూ చెప్పలేదు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ని. ఆ గుణం నాకు లేదని, దాని మీద కూడా అసూయే పుట్టింది.

తర్వాత కెమెరా నడపడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడామె జడ్చర్ల దగ్గర పెద్ద ఫ్యాక్టరీలో ఉంది. అక్కడ లైన్ల తనిఖీకి వెళ్లే నాలాంటివాళ్ల రిపోర్టుల మీద సంతకం ఆమెదే. పోయిన నెల నా రిపోర్టు ఒకటి వెనక్కి పంపింది, పైపు వాలు కొలత తప్పని. మళ్లీ కొలిస్తే తప్పే. సరిచేసి పంపాను కానీ, ఆ రోజంతా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.