తెల్లబడ్డ కాయ, ఎండిపోయిన మొహం

మీ బాత్‌రూమ్‌లో ఉన్న ఫేస్‌వాష్‌ని మీరు మీ చర్మం చూసి కొనలేదు. డబ్బా మీది అమ్మాయి రంగు చూసి కొన్నారు. కాదంటారా? ఇప్పుడే లేచి వెళ్లి, అది జిడ్డు చర్మానికో పొడి చర్మానికో చదివి రండి... నేనిక్కడే ఉంటాను.

మీ మీద ఇంత కోపం ఎందుకో చెప్పాలంటే మా అక్క మొహం గురించి చెప్పాలి.

మా చిన్నప్పుడు... సత్తెనపల్లి అవతల మా ఊళ్లో మిరప కోతలంటే ఇంటిల్లిపాదీ కల్లంలోనే. అమ్మ, సుగుణక్క తాలు ఏరేవాళ్లు. ఎర్రగా నిగనిగలాడే కాయ ఒక పక్క, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఇంకో పక్క. సాయంత్రానికి మొహాలు భగభగ మండేవి. ఇంటికి రాగానే అమ్మ నీళ్లు ముట్టుకోనిచ్చేది కాదు. నీళ్లు పడితే ఘాటు ఇంకా పాకుతుందని ముందు మజ్జిగ పూసేది... కాసేపాగి సున్నిపిండి. నీళ్ల గాబు పక్కన ఒకటే పిండి డబ్బా. అమ్మకీ అదే, అక్కకీ అదే, నాకూ అదే.

అమ్మది జిడ్డు మొహం. పిండి పెట్టి రుద్దితే హాయిగా ఉండేది. అక్కది పొడి చర్మం. రుద్దిన కాసేపటికే బుగ్గలు బిగుసుకుపోయేవి, నవ్వితే గీతలు పడేవి. ఎవరం పట్టించుకోలేదు. మా ఇంటి సున్నిపిండిని అమృతమని పొగడటానికి రాలేదు నేను... అలా పొగిడే పోస్టులు ఇక్కడ చాలానే ఉన్నాయి.

ఆ ఏడాది ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో పాట ఎత్తుకోవాల్సింది అక్కే. కల్లంలో తను పాడుతుంటే పక్క కల్లం వాళ్లు మాటలాపి వినేవాళ్లు. నెల రోజులుగా ఆ పాట తప్ప అక్కకి వేరే ధ్యాస లేదు. అలాంటిది, చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ ఒకరోజు పిల్లలందరి ముందే ఒక మాట అంది. గుంటూరు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారట, ముందు వరుసలో కాస్త రంగు తేటగా ఉన్నవాళ్లను పెడదామట, సుగుణ వెనకనుంచి పాడుతుందిలే అట. నవ్వుతూనే అంది...

అక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బట్టల సబ్బు తీసుకుని గాబు దగ్గర కూర్చుంది. చొక్కాల మీద మట్టి మరకలు వదిలించే సబ్బు మొహం మీద నలుపు వదిలించదా అనుకుంది. పొద్దున సబ్బు, కల్లం నుంచి వచ్చాక సబ్బు, మళ్లీ దానిమీద సున్నిపిండి. మొహం తెల్లగానే అయింది... పొట్టు లేచి. ఆ పగుళ్లలోకి కాయల దుమ్ము దిగింది. ఈస్టర్ ముందురోజుకి నోరు తెరవలేకపోయింది.

అప్పుడు అడిగింది అమ్మ. అప్పుడు చెప్పింది అక్క. అమ్మ సబ్బుబిళ్ల తీసి దొడ్లోకి విసిరేసింది. పక్కింట్లో అడిగి కాస్త వెన్న తెచ్చి రాస్తూ అంది...

"ఏందే ఇది సుగుణా? పొద్దస్తమానం తెల్లబడ్డ కాయని తాలని ఏరి పారేస్తన్నావు. నీ మొహాన్నెందుకే తాలు చేసుకుంటన్నావు?"

"నల్లగున్నానంట కదమ్మా..."

"నీ మొహం మురికి కాదే. ఎండిపోయింది. అంతే."

తెల్లారి అమ్మే అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరుసలో నిలబెట్టింది. టీచరమ్మ ఏదో అనబోయింది. "పాడేది గొంతా, మొహమా టీచరమ్మ గారూ?" అని అడిగింది అమ్మ, గొంతు పెంచకుండానే. వెనకనుంచి మా మేనత్త అందుకుంది. "గుంటూరోళ్లు పాట వినడానికొచ్చారా, పిల్లను చూసుకోడానికొచ్చారా?"

అక్క పాట ఎత్తుకుంది. రెండో చరణంలో కింది పెదవి చిట్లింది. సన్నగా నెత్తురు... ఆపలేదు.

మొన్న అక్కా నేనూ సత్తెనపల్లిలో ఫ్యాన్సీ షాపుకి వెళ్లాం, అక్క కూతురికి ఫేస్‌వాష్ కోసం. షాపు ఆవిడ మొదటి మాటే, "తెల్లబడేది ఇవ్వనా అండీ, కొత్తగా వచ్చింది." మా పిల్లది పొడి చర్మం, దానికేముందో చూపించమ్మా అంది అక్క. పాపం, ఆవిడ డబ్బాలు తిప్పి తిప్పి చూసింది. ముందువైపంతా తెల్లటి మొహాలే. ఏ చర్మానికో మాత్రం వెనకవైపు చీమల్లాంటి అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో.

తెలుసుకోవడం పెద్ద విద్యేం కాదండీ. ఉత్త నీళ్లతో మొహం కడిగి, ఏమీ రాయకుండా ఓ గంట ఊరుకోండి. బుగ్గలు బిగుసుకుంటే పొడి చర్మం... నురగ రాని, క్రీములాంటిది వాడండి. మొహమంతా మెరిస్తే జిడ్డు... నురగ వచ్చే జెల్ పడుతుంది. నుదురూ ముక్కూ మాత్రమే మెరిస్తే రెండూ కలిసిన చర్మం, ఘాటులేనిది ఏదైనా చాలు. ఏది రాసినా మండితే వాసన కలిపినవి మానేయండి, అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. దీంట్లో రంగు ఊసు ఎక్కడైనా వచ్చిందా?

గాబు పోయి షవరు వచ్చింది. సున్నిపిండి డబ్బా పోయి ట్యూబు వచ్చింది. ఆ టీచరమ్మ మాట మాత్రం పోలేదు... ట్యూబు మీద అచ్చయి కూర్చుంది. కాయ తెల్లబడితే తాలని పారేసే ఊళ్లోనే, మొహం తెల్లబడాలని అమ్ముతున్నారు, కొంటున్నాం.

మీ ఇంట్లోనూ ఇలా తోముకున్న మొహం ఒకటి ఉండే ఉంటుంది. కింద రాయండి. రాసి ఊరుకోకుండా, నాతో కలిసి ఇవి అడగండి:

– ఏ రకం చర్మానికో డబ్బా ముందువైపే, తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయాలి.

– "తెల్లబడతారు" అన్న మాట డబ్బా మీదా, ప్రకటనలోనూ ఉండకూడదు.

– తాలు ఏరే ఆడవాళ్లకి మొహం కడుక్కునే చోటు, మంచి నీళ్లు, మండని సబ్బు పని ఇచ్చేవాళ్లే పెట్టాలి.

– మిరప కోతల కాలంలో చర్మం చూసే డాక్టరు మా ఊరి ఆసుపత్రికీ రావాలి.

– ముందు వరుసలో ఎవరు నిలబడాలో గొంతు విని చెప్పాలి.