తేళ్ళ పుస్తకంలో నా రశీదులు

మొన్న కోర్టులో నా పరువు ఎట్లా పోయిందో చెప్తా, ముందు చాయ్ తాగండి. నవ్వొస్తే కప్పు కింద పెట్టి నవ్వండి! గెలిచి కూడా తల దించుకుని బయటికొచ్చినవాడిని ఆ కోర్టులో నన్నొక్కడినే చూసి ఉంటారు.

యూనివర్సిటీలో పుస్తకాలు బైండింగ్ చేసే పని నాది. యాభై దాటాయి. సుగుణకూ నాకూ విడాకులై ఏడాదిన్నర దాటింది. బిడ్డ పద్మకు పదేండ్లు, తల్లితో సీతాఫల్‌మండిలో ఉంటుంది. బిడ్డ ఖర్చుకు నెలకు ముప్ఫై రూపాయలు ఇమ్మని కోర్టు చెప్పింది. నేనుండే తార్నాక నుంచి వాళ్ళ ఇంటికి నడిచి పోవచ్చు. కానీ నేను నడవను. మనియార్డరే చేస్తాను. మూడు రోజులు పట్టనీ! చేతికిస్తే సాక్ష్యమేది?

మా నాయన దొర దగ్గర తెచ్చిన అప్పు రెండుసార్లు కట్టాడు. మొదటిసారి కట్టినప్పుడు ముట్టినట్టు చిట్టీ రాయించుకోలేదు, అంతే. రెండోసారి కట్టడానికి నన్ను పదేండ్లకే ప్రెస్సులో జిగురు కలిపే పనికి పెట్టాడు. అందుకే కాగితం విషయంలో నేను ఎవరినీ నమ్మను.

మనియార్డర్ ఫారానికి రెండు ముక్కలుంటాయి కదా. పైసలు అందినట్టు సంతకంతో ఒకటి మనకు తిరిగొస్తుంది. రెండోది కూపన్. దాని మీద మనం నాలుగు మాటలు రాస్తే అవతలివాళ్ళు ఉంచుకుంటారు. పోస్టాఫీసు కౌంటర్లో ఇచ్చే రశీదులను పోయిన వానకాలం ఎలుకలు తినేశాయి. సుగుణ సంతకం చేసిన ముక్కలు మాత్రం అరవై ఆరు జూన్ నుంచి పందొమ్మిది, ఒక్కటి తప్పకుండా కవర్లో పెట్టి దాచాను.

ఆదివారాలు పద్మను నా దగ్గరికి పంపాలని అర్జీ పెట్టుకున్నాను. సుగుణ తరఫు వకీలు లేచి, "ఈయన నెలనెలా కడుతున్నట్టు రుజువేది?" అన్నాడు. నాకు కాలింది! జడ్జిగారు నావైపు చూసి, "రేపు పొద్దున రుజువు తీసుకురా. అది చూశాకే ఆదివారాల సంగతి" అన్నారు.

రుజువట, రుజువు! పుస్తకంలా కుట్టి, అట్ట వేసి, బంగారు అక్షరాలు అద్ది మరీ ఆ వకీలు ముఖాన పెడదామనుకున్నాను. కోర్టు నుంచి తిన్నగా బైండింగ్ గదికొచ్చి, ముక్కలన్నీ తీసి బల్ల మీద కుడిపక్క పేర్చాను. ఎడమపక్క ఎప్పుడూ ఉండే చిత్తుకాగితాల దొంతర.

అంతలో శేఖర్ వచ్చాడు. తేళ్ళ మీద పరిశోధన చేసిన పిల్లగాడు. "మామా, థీసిస్ ఐదు కాపీలు ఇయ్యాల్నే ఇయ్యాలె. సాయంత్రం దాటితే నా బతుకు ఆగమైతది" అని స్టూలు మీద కూలబడ్డాడు.

సరే, కుట్టడం మొదలుపెట్టాను. కుట్టినాక వెన్ను మీద దళసరి కాగితం ముక్కలు నాలుగు అతికిస్తే పుస్తకం గట్టిగా నిలుస్తుంది. దానికి చిత్తుకాగితాలే వాడతాం. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. నోరు దాని పని అది చేస్తోంది.

"జాగ్రత్త అంటే ఏందో నన్ను చూసి నేర్చుకో బిడ్డా. పెండ్లి చేసుకో, చేసుకోకపో. కాగితం మాత్రం దాచుకో! పందొమ్మిది నెలలు! ఒక్క ముక్క పోనియ్యలే!"

"గొప్పోనివి మామా. జరంత జల్ది కానియ్యి."

ఐదు కాపీలూ ముగించి పంపించాను. చేతులు కడుక్కుని, ఇక నా పుస్తకం కుడదామని బల్ల దగ్గరికొచ్చాను.

ఎడమపక్క చిత్తుకాగితాల్లో ఆఖరున ఒక్కటి తీసినట్టుంది, మిగతావన్నీ అట్లాగే ఉన్నాయి. కుడిపక్క బల్ల ఖాళీ.

అమ్మో! జాగ్రత్త గురించి పాఠం చెప్తూ, నా ముక్కలన్నీ నేనే తేళ్ళకు అతికించాను!

చెప్పులు కూడా వేసుకోలేదు. యూనివర్సిటీ ఆఫీసుకు పరుగెత్తాను. మూడు కాపీలు అప్పటికే లోపలికెళ్ళి సీలు పడ్డాయి. మిగతా రెండూ తీసుకుని శేఖర్ తార్నాకలో ప్రొఫెసర్ గారింటికి పోయాడన్నారు. బస్సు కోసం నిలబడ్డాను, నిలబడలేకపోయాను. నడిచాను, నడక చాలక ఉరికాను. వెనకనుంచి బస్సొచ్చి నన్ను దాటిపోయింది!

ప్రొఫెసర్ గారు వరండాలో కొత్త థీసిస్ తిరగేస్తున్నారు. నేను జేబులోంచి కత్తి తీశాను. అది బైండింగ్ కత్తే, కానీ ఆయనకేం తెలుసు? కుర్చీ వెనక్కి గెంతారు.

"ఏమిటయ్యా ఇది? ఎవరు నువ్వు?"

"సారూ, దాని వెన్ను కోయనియ్యిండ్రి. లోపల నా పెండ్లాం సంతకాలున్నయి!"

"తేళ్ళ పుస్తకంలో మీ ఆవిడ సంతకాలా?"

శేఖర్ తల పట్టుకున్నాడు. సంగతంతా చెప్పేసరికి ప్రొఫెసర్ గారికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "నా కాపీ ముట్టుకోవద్దు. శేఖర్ కాపీ తీసుకెళ్ళు. జడ్జిగారు కొయ్యమంటే అక్కడే కొయ్యి" అన్నారు.

మర్నాడు తేళ్ళ పుస్తకం చంకన పెట్టుకుని కోర్టుకెళ్ళాను.

జడ్జిగారు మొదటి పేజీ చదివి కళ్ళద్దాలు తీశారు. "రుజువు తెమ్మంటే తేళ్ళను తెచ్చావేమిటయ్యా?"

చెప్పాను. కొయ్యమన్నారు. కోశాను. లోపల నాలుగు ముక్కలు మైదా జిగురులో నాని, సిరా కారి, నీలం మరకలై ఉన్నాయి. సుగుణ పేరులో 'సు' కూడా కనపడలేదు.

"మిగతా పదిహేను?"

"పన్నెండు ఆఫీసుల సీలు పడ్డయి సారూ. మూడు ప్రొఫెసర్ గారింట్ల ఉన్నయి."

కోర్టంతా నవ్వు. వకీలు లేచాడు. నా ఆదివారాలు పోయాయనుకున్నాను.

అప్పుడు సుగుణ లేచింది. తన వకీలునే కూర్చోమని సైగ చేసి, సంచిలోంచి బిస్కెట్ డబ్బా తీసింది. "పైసలు ఒక్క నెల తప్పకుండ వచ్చినయి సార్. వాటి వెంట ఇవి గూడ వచ్చినయి. బిడ్డ దాచుకున్నది, పొద్దుగాల్ల నా చేతిల పెట్టింది."

కూపన్లు! పందొమ్మిదికి పందొమ్మిది, పోస్టాఫీసు ముద్రలతో!

నేను మీసం దువ్వబోయాను. అంతలో జడ్జిగారు పైకి చదవడం మొదలుపెట్టారు.

"'ఇవి బిడ్డకు. నీ తమ్ముని సిగరెట్లకు గాదు.'"

నా చెయ్యి మీసం దగ్గరే ఆగింది.

"'సంతకం సక్కగ చెయ్యి. కోడి గీకినట్టున్నది.'"

బంట్రోతు గోడవైపు తిరిగాడు. వాడి భుజాలు ఊగుతున్నాయి.

"'నీ ముక్కలన్నీ భద్రంగ దాస్తున్న. యాదుంచుకో.'"

జడ్జిగారు ఆగారు. తేళ్ళ పుస్తకం వైపు చూశారు. నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

చివరిది మాత్రం నెమ్మదిగా చదివారు. "'పద్మా, నోటుబుక్కు కుట్టి పంపుత. మంచిగ సదువు.' పందొమ్మిదింటిలో పిల్లకు రాసింది ఇదొక్కటేనా? పంపావా?"

"మరిచిపోయిన సారూ."

ఎవరూ నవ్వలేదు. సుగుణే అన్నది: "అది మరువలేదు సార్. డబ్బాల ఆ ఒక్కదాన్నే మీద పెడ్తది."

ఆదివారాలు ఇచ్చారు. "ఇకనుంచి కూపన్ మీద పిల్లకే రాయి" అని కూడా అన్నారు. శేఖర్ కాపీ మళ్ళీ కుట్టి ఇచ్చాను. కుడుతున్నంతసేపూ వాడు నా నోరు తెరవనియ్యలేదు.

నిన్న మొదటి ఆదివారం. నోటుబుక్కు కుట్టి పద్మకిచ్చాను. అది ముందు పుస్తకం వెన్ను తడిమి చూసింది. "నాయినా, దీంట్ల ఏం కాయితాలు అతికిచ్చినవ్?" అని అడిగింది.

ఇక ముందు వచ్చే సంతకాల ముక్కలు కూడా దాని డబ్బాలోకే. దాచడం దానికొచ్చు. నాకు అతికించడమే వచ్చు.