బాంబర్ వాళ్ళకి దోసెడు నీళ్ళు

ఆ కాలు ఊపడం ఆపి ఇలా వచ్చి కూర్చో. సరిగ్గా విని టైపు చెయ్యి, నీ సొంత కవిత్వం కలపకు.

అప్పటికి నువ్వు పుట్టలేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ తిక్క పుడుతుందని లోకమంతా కంగారు పడుతున్న రోజులు. మీ నాన్నకి ఆఫీసే ఇల్లు, వీకెండ్లు కూడా లేవు. దేశం కాని దేశంలో, ఈ టూంగాబీ ఇంట్లో పగలంతా నేనూ మీ తాతా, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ. ఇంకో మనిషి అంటే పక్కింటి ముసలాయనే, ఒంటరివాడు. కంచె మీంచి మీ తాతని 'మేట్' అనేవాడు, నన్ను 'లవ్' అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు మీ తాత మొహం చూడాలి! "ఇక్కడ అందర్నీ అలాగే అంటారు నాన్నా" అని మీ నాన్న సర్దిచెప్పాడు.

మహాలయ అమావాస్యనాడు మీ తాత వెనక పెరట్లో తర్పణాలు వదులుతున్నారు. ఇండియా నుంచి తెచ్చుకున్న దర్భల్ని ఎయిర్‌పోర్టులోనే లాగేసుకున్నారు, గడ్డి తేకూడదని. పాపం, ఈ పెరట్లో గడ్డే కోసుకున్నారు. ముసలాయన కంచె మీద చేతులానించి అంతా చూసి, అయ్యాక ఏంటిదని అడిగాడు. "పోయిన మావాళ్ళకి నీళ్ళు ఇస్తున్నా" అన్నారు మీ తాత. రైల్వేలో చేశారుగా, ఇంగ్లీషు బాగానే వచ్చు. నాకు సగం అర్థమయ్యేది, మిగతాది ఆయన చెప్పేవారు.

ముసలాయన, "సొంతవాళ్ళు కాకపోయినా ఇవ్వొచ్చా?" అన్నాడు.

అప్పుడు బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానం నడిపేవాట్ట. బాంబులేసే పెద్ద విమానాలు నెమ్మదిగా పోతాయిట, వాటికి పైన కాపలాగా ఎగరడం ఈయన పని. ఏమొచ్చినా వాటిని వదిలి పోకూడదు. అదీ రూలు. కింద పెద్ద విమానంలో తోక దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చునే అతను ఈయన్ని చూసి చెయ్యి ఊపేవాట్ట.

ఆ రోజు శత్రువు విమానం ఒకటి ఎదురొచ్చి, చటుక్కున తిరిగి కిందకి పారిపోయింది. ఈయనది ఉడుకు రక్తం. వెంటపడి, మబ్బుల్లోంచి సముద్రం దాకా తరిమి కూల్చేశాడు. ఆ సంబరంతో పైకొస్తే ఏముంది? ఎండలోంచి దిగిన ఇంకో రెండు విమానాలు అప్పటికే పని కానిచ్చేశాయి. పెద్ద విమానం మంటల్తో వాలిపోతోంది. తోక దగ్గర తుపాకీ ఇంకా పేలుతూనే ఉందిట. కిందకి దిగాక ఈయన్ని భుజం తట్టి మెచ్చుకున్నార్ట, ఒకదాన్ని కూల్చావని!

మీ తాత పద్ధతి మనిషి. "పేర్లూ గోత్రాలూ చెప్పు" అన్నారు.

పేర్లే తెలీవుట. వాళ్ళ క్యాంపు వేరు. తర్వాతైనా కనుక్కుని ఉండొచ్చు. కానీ వాళ్ళ అమ్మలు 'ఆ రోజు పైన కాపలా ఎవరు బాబూ' అనడిగితే ఏం చెప్పాలని, ఇన్నేళ్ళూ అలాగే ఊరుకున్నాట్ట.

నాకు మనసాగలేదు. "చివర్న ఎవరూ లేనివాళ్ళకని వదుల్తారుగా, అందులో కలిపెయ్యండి" అన్నా. మీ తాత అదే ఇంగ్లీషులో చెప్పేసరికి ముసలాయన గబుక్కున తలెత్తాడు.

"ఎవరూ లేకపోవడమేంటి? పైన నేనున్నాగా!"

అప్పుడు మీ తాతే, "గోత్రం తెలీనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్తాం. ఇటు రా" అని గేటు తీశారు. గడ్డిపోచ వేలికి చుట్టి, నువ్వులేసి, చెంబుతో నీళ్ళు పోశారు. బొటనవేలు పక్కనుంచి వదలమన్నారు.

"వాళ్ళకి అందుతుందా మేట్?" అన్నాడు.

మీ తాతకి అబద్ధం చెప్పడం రాదు. "నీళ్ళు అందుతాయి. నువ్వు మనసులో అడిగే ఆ క్షమాపణ సంగతి నాకు తెలీదు" అన్నారు. మీ తాత ఆ మాట అలా అనకుండా ఉండాల్సిందని నాకిప్పటికీ... ఎందుకంటే ఆ ముసలాయన చెయ్యి దించకుండా అలాగే నుంచుని, మా ఇద్దరి వంకా చూసి,

"అత్తయ్యా! చారు చల్లారిపోతోంది, వచ్చి తినండి!"

ఇదిగో, మీ అమ్మ పిలుస్తోంది. వస్తున్నానమ్మా, ఒక్క ముక్క చెప్పి... ఆయన మా వంకా చూసి ఏమన్నాడంటే...

"అత్తయ్యా!"

ఆ, వస్తున్నా, వస్తు